మీ మానిటర్ నలుపు ఎంత నలుపు? స్టూడియో కెమెరాతోనే కాంట్రాస్ట్ రేషియో కొలిచే పద్ధతి

రెండేళ్ల కింద వైశాఖంలో ఒక పెళ్లి ఆల్బమ్ ప్రింటయి వచ్చింది. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు నల్ల సూటు వేసుకున్నాడు. నా తెర మీద ఆ సూటు కాలరు, గుండీలు, మోచేతి దగ్గర మడతలు అన్నీ చక్కగా కనపడ్డాయి. ఆల్బమ్‌లో మాత్రం మెడ కింది నుంచి నడుము దాకా తారు పూసినట్టు ఒకటే నలుపు. పిలగాని నాయన పేజీ తిప్పి చూసి, "ఏంది తమ్మీ, సూటు ఏడబోయింది, నల్ల గుడ్డ కప్పినట్టున్నది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, బాధగా అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ప్రింట్ చేసిన ల్యాబ్‌ను అనుమానించాను, పేపర్‌ను అనుమానించాను, ఫోటో తీసిన తమ్ముడిని కూడా రెండు మాటలు అన్నాను. చివరికి తేలిందేమిటంటే తప్పు నా మానిటర్‌కు వెళ్లే సిగ్నల్ సెట్టింగ్‌లో ఉంది. వెయ్యి ఉండాల్సిన కాంట్రాస్ట్ రేషియో, అంటే తెర తెలుపు దాని నలుపుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 250 దగ్గర ఉంది. తెర మీద నలుపు బూడిదలాగా కనపడుతుంటే నేను ప్రతి ఫోటోలో నలుపును ఇంకా కిందికి గుంజుతూ పోయాను, ప్రింట్‌లో అదంతా మునిగిపోయింది. ఈ సంగతి కంటితో చూసి పట్టుకోలేదు, స్టూడియోలో ఉన్న డీఎస్ఎల్ఆర్‌తో కొలిచాకే తెలిసింది. నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో అయినా ఆల్బమ్ డిజైన్ చేసే ప్రతి గదిలో ఒక మంచి కెమెరా, ఒక ట్రైపాడ్ ఉంటాయి. వేరే మీటర్ కొనక్కర్లేదు. ఒక రాత్రి రెండు గంటలు కేటాయిస్తే చాలు, అందుకే అంతా వివరంగా రాస్తున్నాను.

అసలు ఏం కొలుస్తున్నాం

తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు వచ్చే వెలుగును, తెర మొత్తం నల్లగా ఉన్నప్పుడు వచ్చే వెలుగుతో భాగిస్తే వచ్చేదే కాంట్రాస్ట్ రేషియో. ఎల్‌సీడీ మానిటర్‌లో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర తలుపులాగా దాన్ని మూస్తుంది, ఆ తలుపు ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి కొంచెం వెలుగు కారుతూనే ఉంటుంది. ఆ కారే వెలుగే మన తెర మీది నలుపు. తెర వెలుగును నిట్‌లలో కొలుస్తారు. తెలుపు 120 నిట్‌లు ఉండి నలుపు 0.12 నిట్‌లు ఉంటే రేషియో 1000. మామూలు ఐపీఎస్ ప్యానెల్ (ఐపీఎస్, టీఎన్, వీఏ అనేవి ఎల్‌సీడీ తెరల రకాలు) దాదాపు ఇక్కడే ఉంటుంది, పాత టీఎన్ ప్యానెళ్లు 600 నుంచి 1000 మధ్య, వీఏ ప్యానెళ్లు 2500 నుంచి 5000 దాకా వెళ్తాయి. 2022 నుంచి ఐపీఎస్ బ్లాక్ అని 2000 ఇచ్చే ప్యానెళ్లు కూడా వస్తున్నాయి. ఓలెడ్‌లో వెనక లైటే ఉండదు కాబట్టి దాని లెక్క వేరు.

డబ్బా మీద కోటి, రెండు కోట్లు అని రాసి ఉండే అంకెలను నమ్మవద్దు. అవి డైనమిక్ కాంట్రాస్ట్, అంటే నల్లటి సీన్ వచ్చినప్పుడు వెనక లైటును తగ్గించో ఆర్పేసో సాధించిన అంకెలు. ఒకే ఫోటోలో తెల్ల చీర, నల్ల సూటు పక్కపక్కన ఉన్నప్పుడు ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

ఇక కెమెరాతో ఎలా కొలుస్తాం? కెమెరాకు నిట్‌లు తెలియవు, తెలియాల్సిన పని కూడా లేదు, మనకు కావలసింది రెండు వెలుగుల మధ్య నిష్పత్తే. కొత్త బోరు ఎంత పోస్తుందో చూడటానికి డ్రమ్ము పెట్టి ఎంతసేపట్లో నిండిందో లెక్కబెడతాం కదా, ఇది అదే పని. తెల్ల తెర డ్రమ్మును చిటికెలో నింపుతుంది, నల్ల తెర బొట్టుబొట్టుగా నింపుతుంది. కెమెరా సెన్సర్ మీద పడే వెలుగుకు, రా ఫైల్‌లో (సెన్సర్ అంకెలను మార్చకుండా దాచే ఫైల్) నమోదయ్యే అంకెకు సూటి సంబంధం ఉంటుంది: వెలుగు రెట్టింపైతే అంకె రెట్టింపు, సమయం రెట్టింపైనా అంకె రెట్టింపు. కాబట్టి అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం), లెన్స్, దూరం ఏవీ కదలకుండా ఉంచి, షట్టర్ సమయం ఒక్కటే మార్చి రెండు ఫోటోలు తీస్తే చాలు. ఒకే ఫోటోలో సగం తెలుపు, సగం నలుపు పెట్టి తీయవచ్చు కదా అని అడుగుతారు. తీయకూడదు. తెల్ల భాగం వెలుగు లెన్స్ అద్దాల మధ్య చెదిరి నల్ల భాగం మీద పడుతుంది, అప్పుడు మీరు కొలిచేది మానిటర్‌ను కాదు, మీ లెన్స్‌ను.

మొదటి మెట్టు: మానిటర్‌ను నిలకడగా ఉంచడం

మానిటర్‌ను అరగంట ఆన్‌లో ఉంచండి, అంతకు ముందు కొలవకండి, చల్లగా ఉన్న బ్యాక్‌లైటు వెలుగు నెమ్మదిగా మారుతూ ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ అరగంట ఆగాల్సిందే, ఇన్వర్టర్ ఉంటే దాని మీద పెట్టుకోండి.

తరువాత మానిటర్ మెనూలోకి వెళ్లి తానంతట తాను వెలుగు మార్చే ప్రతిదాన్నీ ఆపేయండి: డైనమిక్ కాంట్రాస్ట్, లోకల్ డిమ్మింగ్, ఎకో మోడ్, గది వెలుగును బట్టి మారే సెన్సర్. కంప్యూటర్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ కూడా ఆఫ్. బ్రైట్‌నెస్ మీరు రోజూ పని చేసే దగ్గరే ఉంచండి, ఎందుకంటే బ్రైట్‌నెస్ తగ్గిస్తే తెలుపూ నలుపూ కలిసే తగ్గుతాయి, రేషియో పెద్దగా మారదు. మెనూలో కాంట్రాస్ట్ అనే బార్ ఫ్యాక్టరీ విలువ దగ్గరే ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్‌లు (ఒక్కో రంగు ఎంత బలంగా రావాలో పెట్టే అంకెలు) మీరు మార్చి ఉంటే ఆ అంకెలు రాసి పెట్టుకోండి. వాటిని 100 నుంచి 85కు దించితే తెలుపు తగ్గుతుంది, నలుపు మాత్రం అక్కడే ఉంటుంది, అంటే రంగు సరిచేసుకునే క్రమంలో కాంట్రాస్ట్ కొంత పోతుంది. ఇది తప్పు కాదు, కానీ తెలిసి ఉండాలి.

తెర మొత్తం తెలుపు, నలుపు చేయడానికి చాలా సులువైన దారి పవర్‌పాయింట్. స్లైడ్ షో మొదలుపెట్టి కీబోర్డు మీద డబ్ల్యూ నొక్కితే తెర తెల్లగా, బీ నొక్కితే నల్లగా అయిపోతుంది. కొన్ని మానిటర్లు మొత్తం నలుపు రాగానే, మీరు ఏం ఆఫ్ చేసినా సరే, బ్యాక్‌లైటును ఆర్పేస్తాయి. నలుపు మరీ చీకటిగా ఉందని అనుమానం వస్తే నల్ల స్లైడ్ ఒకటి తయారుచేసి, ఒక మూలన బొటనవేలి గోరంత తెల్ల చుక్క పెట్టండి, ఫోటోలో మాత్రం ఆ మూల మీద నల్ల అట్టముక్క అంటించండి. చుక్క పెట్టగానే మధ్య భాగం నలుపు మారిందంటే మానిటర్ మోసం చేస్తున్నట్టే.

రెండో మెట్టు: గది

కష్టమంతా ఇక్కడే. తెలుపును ఎవరైనా కొలుస్తారు, నలుపును కొలవడమే పని, దానికి శత్రువు గదిలోని వెలుగు.

ఒక లెక్క చెప్తాను. గదిలో 1 లక్స్ (ఒక చోట ఎంత వెలుగు పడుతుందో చెప్పే కొలత) వెలుగు ఉందనుకోండి, అది చాలా తక్కువ, తలుపు సందులోంచి పక్క గది ట్యూబ్‌లైటు తొంగి చూస్తే అంతుంటుంది. మానిటర్ పైపొర తన మీద పడిన వెలుగులో నూటికి రెండు వంతులు చెదరగొట్టి వెనక్కి పంపుతుందనుకుంటే, నలుపుకు 0.0064 నిట్‌లు కలుస్తాయి. 1000 ఉన్న ఐపీఎస్ 950గా కనపడుతుంది. 3000 ఉన్న వీఏ అయితే దాని నలుపు 0.04 నిట్‌లే కాబట్టి ఏకంగా 2600 లోపలికి పడిపోతుంది. మానిటర్ ఎంత మంచిదైతే గది అంత ఎక్కువ దెబ్బ తీస్తుంది.

కాబట్టి రాత్రి పూట చేయండి. కిటికీలకు దుప్పటి కట్టండి, తలుపు కింద సందుకు తువ్వాలు పెట్టండి. ఆ తరువాత అన్ని లైట్లు ఆర్పి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక అప్పటిదాకా కనపడని వెలుగులన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి: వైఫై రౌటర్ పచ్చ చుక్క, సీపీయూ ముందున్న నీలం లైటు, దోమల మందు మిషన్ ఎర్ర చుక్క, ఇన్వర్టర్ డిస్‌ప్లే, స్విచ్‌బోర్డు మీది ఇండికేటర్, మానిటర్‌దే పవర్ లైటు. అన్నింటి మీదా నల్ల టేపు వేయండి. ఫోన్ జేబులో పెట్టుకోండి. రెండో మానిటర్ ఉంటే ప్లగ్ తీసేయండి.

మా దగ్గర పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయినవాళ్లకు తెలుసు, గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక నీడ నిలబడి ఉంటుంది, బయట సూర్యుడు కదిలినా అది కదలదు. సూటి ఎండ కాకుండా, చెదిరి లోపలికి వచ్చే వెలుగు వల్ల ఏర్పడే నీడ అని దాన్ని వివరిస్తారు. చీకటి గదిలో కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ గుడి గుర్తొస్తుంది. మనం చీకటి అనుకునే చోట కూడా ఎక్కడెక్కడో తగిలి వచ్చిన వెలుగు ఎంత ఉంటుందో కెమెరా 30 సెకన్లు కన్ను తెరిస్తే గానీ తెలియదు.

మూడో మెట్టు: కెమెరా

ట్రైపాడ్ మీద, తెరకు ఎదురుగా, లెన్స్ సరిగ్గా తెర మధ్యకు సమాన ఎత్తులో. పక్కనుంచి కాని, పైనుంచి కాని చూస్తే టీఎన్, వీఏ ప్యానెళ్లలో నలుపు మారిపోతుంది, ఐపీఎస్‌లో మూలలు తెల్లగా మెరుస్తాయి. 24 అంగుళాల మానిటర్‌కు మామూలు క్రాప్ సెన్సర్ కెమెరా, 50 ఎంఎం లెన్స్ అయితే ఒక మీటరు దూరం సరిపోతుంది, ఫ్రేము మొత్తం తెరతో నిండి చుట్టూ గోడ కనపడకుండా ఉంటుంది. లెన్స్‌ను తుడవండి, వేలిముద్ర ఉంటే వెలుగు చెదురుతుంది. ముందు ఫిల్టర్ ఉంటే విప్పేయండి.

ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి కావాలనే అవుట్ చేయండి. తెర పిక్సెళ్లు స్పష్టంగా కనపడితే సెన్సర్ గళ్లతో కలిసి అలలు అలలుగా గీతలు వస్తాయి, సగటు తీయడం కష్టమవుతుంది. ఎలాగూ మసకే కాబట్టి ఫ్యాన్ గాలికి ట్రైపాడ్ కొంచెం ఊగినా నష్టం లేదు.

ఇక సెట్టింగ్‌లు: మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 5.6, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకటి ఖాయంగా, ఫైల్ రా. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేయండి, ఆ పని మనమే చేత్తో చేస్తాం. కానన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్, సోనీలో డీఆర్ఓ, ఇవి రా ఫైల్ లోపలి అంకెలను మార్చడానికి ఉద్దేశించినవి కావు, కానీ జేపెగ్‌ను మారుస్తాయి కాబట్టి ఆపేయడమే మేలు. మిర్రర్‌లెస్ అయితే మెకానికల్ షట్టర్ వాడండి. డీఎస్ఎల్ఆర్ అయితే మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌ను తప్పకుండా మూయండి, పొడవాటి ఎక్స్‌పోజర్‌లో వెలుగు అక్కడినుంచి వెనక దారిలో లోపలికి వస్తుంది. కొన్ని కెమెరాల స్ట్రాప్‌కు ఉండే రబ్బరు మూత దానికోసమే ఇస్తారు, చాలామంది దాన్ని ఎప్పుడూ వాడి ఉండరు.

నాలుగో మెట్టు: ఫోటోలు

తెల్ల తెరను 1/8 సెకనుతో తీయండి. 120 నిట్‌ల తెరకు ఎఫ్ 5.6, ఐఎస్ఓ 100 దగ్గర ఇది సెన్సర్‌ను దాదాపు సగం నింపుతుంది, పొంగిపోదు. ఇంకా వేగంగా ఎందుకు వద్దంటే, తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, కొన్ని బ్యాక్‌లైట్లు బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు వేగంగా ఆరి వెలుగుతుంటాయి, 1/250 లాంటి వేగంతో తీస్తే ఫోటోలో అడ్డ పట్టీలు వస్తాయి. 1/8లో ఏడెనిమిది ఫ్రేములు కలిసిపోతాయి కాబట్టి ఆ బాధ తగ్గుతుంది.

ఇప్పుడు బీ నొక్కి, రెండు నిమిషాలు ఆగి, నల్ల తెరను 30 సెకన్లతో తీయండి. షట్టర్‌ను చేత్తో నొక్కకండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఆ 30 సెకన్లూ గదిలో కదలకండి, కెమెరా వెనక తెర ఆఫ్‌లో ఉండాలి.

వెంటనే ఇంకో రెండు. మానిటర్‌ను పవర్ బటన్‌తో ఆపేసి అదే 30 సెకన్లు ఒకటి. తరువాత లెన్స్‌కు మూత పెట్టి అదే 30 సెకన్లు ఒకటి. మూత ఫోటో సెన్సర్ తనంతట తాను పుట్టించే అంకెను చెప్తుంది, మానిటర్ ఆఫ్ ఫోటో గదిలో మిగిలిన వెలుగును చెప్తుంది. రెండింటి అంకె ఒకటే వస్తే మీ గది నిజంగా చీకటి. తేడా ఉంటే ఎక్కడో ఒక లైటు మిగిలింది, వెతకండి. ఈ రెండు ఫోటోలు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, అంకెలు తప్పేదీ వాళ్లకే. పైగా మన వైపు మే నెలలో గది వేడి మామూలుగా ఉండదు, ఎండ 44, 45 డిగ్రీలు దాటిన రోజు రాత్రి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి, సెన్సర్ వేడెక్కితే చీకట్లో కూడా దాని అంకె పెరుగుతుంది. మూత ఫోటోను రేపు తీద్దాం, నిన్నటిది వాడదాం అంటే కుదరదు, నలుపు ఫోటో తీసిన వెంటనే అదే వేడిలో తీయాలి.

చివరగా మూత పెట్టే 1/8 సెకను ఫోటో కూడా ఒకటి తీసుకోండి. మొత్తం ఐదు ఫోటోలు. అంతా మూడుసార్లు చేస్తే మంచిది.

ఐదో మెట్టు: లెక్క

రా ఫైల్ లోపలి అసలు అంకెలు చూడాలి. లైట్‌రూమ్, ఫోటోషాప్ వద్దు, అవి తెరవగానే టోన్ కర్వ్ వేసి, ఫోటో చూడటానికి బాగుండేలా అంకెలను మార్చేస్తాయి. నేను రా అంకెలను చూపించే రాడిగ్గర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, ట్రయల్ దొరుకుతుంది. అందులో సెట్టింగ్‌లకు వెళ్లి నలుపు తీసివేత ఆప్షన్‌ను ఆఫ్ చేయండి, ఆన్‌లో ఉంటే సున్నా కిందికి పోయే అంకెలు కత్తిరించబడి సగటు తప్పుతుంది. ఫోటో సరిగ్గా మధ్యలో 400 బై 400 పిక్సెళ్ల చతురస్రం గీసి, ఆకుపచ్చ ఛానెల్ సగటు రాసుకోండి. అన్ని ఫోటోల్లో అదే చోటు, అదే సైజు. ఆకుపచ్చే ఎందుకంటే మన కంటికి కనపడే వెలుగుకు దగ్గరగా ఉండేది అదే, పైగా ఐపీఎస్ నలుపు కొంచెం నీలంగానో ఊదాగానో ఉంటుంది, నీలం ఛానెల్ చూస్తే అంకె పక్కదారి పడుతుంది.

ఉదాహరణకు ఇలా వచ్చాయనుకోండి. తెలుపు 1/8 సెకను: 8760. మూత 1/8 సెకను: 2048. నలుపు 30 సెకన్లు: 3682. మానిటర్ ఆఫ్ 30 సెకన్లు: 2053. మూత 30 సెకన్లు: 2051. చివరి రెండింటికీ తేడా రెండే, గది బాగుంది. చీకట్లో కూడా 2048 ఏంటని కంగారు పడకండి, కెమెరాలు సున్నాను కొంచెం ఎత్తులో పెట్టుకుంటాయి, కొన్నింటిలో 512, కొన్నింటిలో 2048.

తెలుపు అసలు అంకె 8760 లోంచి 2048 తీస్తే 6712. ఇది సెకనులో ఎనిమిదో వంతులో వచ్చింది, కాబట్టి సెకనుకు 53,696. నలుపు అసలు అంకె 3682 లోంచి 2051 తీస్తే 1631. దీన్ని ఎంతతో భాగించాలి? 30 తోనా? కాదు, 32 తో.

చాలామందికి ఈ సంగతి తెలియదు. కెమెరా మీద రాసి ఉండే షట్టర్ అంకెలు చదవడానికి వీలుగా సరిచేసినవి. లోపల కెమెరా రెట్టింపులతోనే నడుస్తుంది: 1, 2, 4, 8, 16, 32. అందుకే 15 అని ఉన్నది నిజానికి 16, 30 అని ఉన్నది నిజానికి 32, అటువైపు 1/15 అంటే 1/16, 1/30 అంటే 1/32, 1/60 అంటే 1/64. 1/8 మాత్రం 1/8నే, అందుకే దాన్ని ఎంచుకున్నాను. నమ్మకం లేకపోతే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీ కెమెరా 30 సెకన్లు ఎంతసేపు పడుతుందో ఒకసారి చూడండి, పొడవాటిది కాబట్టి చేత్తోనే తెలిసిపోతుంది.

1631ని 32తో భాగిస్తే సెకనుకు 50.97. 53,696ను 50.97తో భాగిస్తే 1053. అదే 30తో భాగించి ఉంటే 988 వచ్చేది, ఒక్క అంకె దగ్గర ఆరు శాతం పైన తప్పు. ఇంత చేశాక కూడా ఫలితాన్ని 1053 అని చెప్పకండి, సుమారు 1050 అనండి, ఇంట్లో చేసే కొలతలో నాలుగైదు శాతం అటూఇటూ ఉంటుంది.

కెమెరా నిజం చెప్తుందా అనే అనుమానం తీర్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తెల్ల తెరనే 1/8, 1/15, 1/30లతో వరుసగా తీసి, మూత అంకె తీసేసి చూడండి. 6712, తరువాత దానిలో సగం 3356 దగ్గర, మళ్లీ సగం 1678 దగ్గర రావాలి. నలుపును 8 సెకన్లతో కూడా తీస్తే 1631లో నాలుగో వంతు, అంటే 408 దగ్గర రావాలి. ఇవి కలిస్తే మీ పని గట్టిది.

రా లేని కెమెరా అయితే

మాన్యువల్ మోడ్ ఉండి జేపెగ్ మాత్రమే ఇచ్చే చిన్న కెమెరాలతో కూడా అవుతుంది, దారి వేరు. జేపెగ్ అంకె వెలుగుతో సూటిగా పెరగదు కాబట్టి అంకెలను భాగించకూడదు. దానికి బదులు రెండు ఫోటోల్లో ఒకే అంకె వచ్చేదాకా సమయం మార్చాలి. ఒకే అంకె అంటే ఒకే వెలుగు పడినట్టు, ఇక మధ్యలో ఏ టోన్ కర్వ్ ఉన్నా పర్వాలేదు.

తెల్ల తెరను 1/30తో తీశారు, జింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో మధ్య భాగం ఆకుపచ్చ సగటు 118 వచ్చింది. నలుపును 25 సెకన్లతో తీస్తే 113, 30తో తీస్తే 124. మన 118 ఈ రెండింటి మధ్య. 25 అంటే అసలు 25.4, 30 అంటే 32, మధ్యలో లెక్కగడితే 28.2 సెకన్ల దగ్గర 118 వస్తుంది. తెలుపు తీసిన 1/30 అసలు 1/32 కాబట్టి 28.2ను 32తో గుణిస్తే రేషియో సుమారు 900. రా పద్ధతి అంత గట్టిది కాదు, చీకట్లో సెన్సర్ అంకెను విడిగా తీసే వీలు లేదు, కానీ 250కి, 1000కి తేడా చెప్పడానికి బాగా సరిపోతుంది. ఆటో మోడ్‌లో ఫోన్‌తో మాత్రం చేయకండి, అది నలుపును చూడగానే తనంతట తాను అన్నీ మార్చేస్తుంది.

వచ్చిన అంకె ఏం చెప్తుంది

ఐపీఎస్ మీద 250 దగ్గర వచ్చిందంటే దాదాపు ఖాయంగా నాకు వచ్చిన జబ్బే. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టినప్పుడు గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ను టీవీ అనుకుని, నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 255 అంకెలు పంపే బదులు 16 నుంచి 235 దాకా మాత్రమే పంపుతుంది. మానిటర్ 16ను నలుపు అనుకోదు, ముదురు బూడిదగా చూపిస్తుంది. గామా 2.2 (సిగ్నల్ అంకెను తెర వెలుగుగా మార్చే సూత్రం) లెక్కన 16 అంటే పూర్తి తెలుపులో 0.23 శాతం వెలుగు. 1000 రేషియో ఉన్న ప్యానెల్‌లో కారే వెలుగు 0.1 శాతమే, దానికి ఇది కలిస్తే నలుపు మూడింతలకు పైగా పెరుగుతుంది, తెలుపు కూడా 84 శాతానికి పడిపోతుంది, రెండూ కలిపి రేషియో 255 దగ్గరికి వస్తుంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని ఉన్న చోట లిమిటెడ్ తీసి ఫుల్ పెట్టండి. అక్కడ దొరకకపోతే మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ చూడండి. నాకు ఆ ఒక్క క్లిక్‌తో 250 దగ్గర ఉన్నది 1000 పైకి వచ్చింది, అదే మానిటర్, అదే కేబుల్.

600, 700 వస్తే ముందు గెయిన్‌లు, క్యాలిబ్రేషన్ ప్రొఫైల్ (తెర రంగులు సరిచేసే ఫైల్) తీసేసి మళ్లీ కొలవండి. అప్పటికీ అంతే ఉంటే ప్యానెల్ అంతే. తెర మధ్యలోనే కాకుండా నాలుగు మూలలు కూడా విడివిడిగా కొలవండి, ప్రతి మూలకూ కెమెరాను జరిపి దానికి ఎదురుగా పెట్టాలి, ఉన్నచోటినుంచే తిప్పి కొడితే కోణం తేడా కలుస్తుంది. మూలల్లో వెనక లైటు కారడం మామూలే, మధ్యకంటే నలుపు సగానికి సగం తేడా ఉంటే వారంటీ ఉండగానే మార్చుకోవడం మంచిది.

వీఏ ప్యానెల్‌లో నలుపు అంకె చాలా చిన్నగా వస్తుంది, అప్పుడు ఐఎస్ఓ పెంచకండి, 100 నుంచి 800కు మారిస్తే సరిగ్గా ఎనిమిది రెట్లు పెరుగుతుందని గ్యారంటీ లేదు. రిమోట్ పెట్టి బల్బ్ మోడ్‌లో (మనం ఆపేదాకా షట్టర్ తెరిచే ఉండే మోడ్) రెండు నిమిషాలు తీయండి, అంతే సమయం మూత ఫోటో కూడా. ఓలెడ్ అయితే నలుపు ఫోటో, మూత ఫోటో ఒకటే వస్తాయి. అప్పుడు రేషియో అనంతం అని రాయకండి. పై ఉదాహరణ అంకెలతో మన పద్ధతి కనిపెట్టగలిగే కనీస తేడా 5 అనుకుంటే 3 లక్షల పైన అని మాత్రమే చెప్పగలం.

ఇంకో కొలత

చీకటి గదిలో 1050 వచ్చాక కెమెరాను కదపకుండా, మీరు రోజూ పని చేసేటప్పుడు ఉండే లైట్లన్నీ వేసి మళ్లీ అదే తెలుపు, అదే నలుపు తీయండి. నలుపు పొంగిపోతే సమయాన్ని 30 నుంచి 1 సెకనుకు తగ్గించండి, లెక్క అదే. ఈసారి కూడా మూత అంకెనే తీసివేయాలి, మానిటర్ ఆఫ్ ఫోటోది తీసివేయకూడదు, ఎందుకంటే ఇప్పుడు మనం కొలుస్తున్నదే గది వెలుగుతో కలిసిన నలుపు. తెర మీద 200 లక్స్ పడుతూ, అందులో నూటికి రెండు వంతులు వెనక్కి వస్తే 0.12 నిట్‌ల నలుపు 1.39 అవుతుంది, రేషియో 90 లోపలికి పడిపోతుంది. నిగనిగలాడే ఫోటో పేపర్ మంచిదైతే 100 నుంచి 200 దాకా ఇస్తుంది, అంటే ట్యూబ్‌లైటు ఎదురుగా పడే తెర కాగితం కంటే వెనకబడుతుంది, దాని మీద చూసి సూటు మడతలు సరిచేస్తే ప్రింట్‌లో ఎలా వస్తాయో నాకు అనుభవమే.

నేను చేసింది చాలా చిన్న పని. తెరకు ఎదురుగా గోడ మీద ఉన్న ట్యూబ్‌లైటును తీసి మానిటర్ వెనక గోడకు కొట్టించాను, కిటికీకి ముదురు రంగు కర్టెన్ వేశాను, మానిటర్ చుట్టూ నల్ల ఫోమ్‌షీట్‌తో పై నుంచీ, రెండు పక్కలా గొడుగులాగా కట్టాను. ఆ షీట్ నల్గొండ ప్రకాశం బజార్‌లో స్టేషనరీ షాపులో దొరికింది. మళ్లీ కొలిస్తే లైటు వేసి ఉండగానే 400 పైన వచ్చింది. ఆ రాత్రే ఆ పెళ్లి ఫైళ్లు తెరిచి సూటు ఉన్న పేజీలు మళ్లీ చేసి, నా ఖర్చుతో ప్రింట్ వేయించి ఇచ్చాను. పెళ్లికొడుకు నాయన ఈసారి ఏమీ అనలేదు, కాలరు దగ్గర వేలు పెట్టి చూసి ఆల్బమ్‌ను సంచిలో పెట్టుకున్నాడు.